కైలాస యాత్ర: దయా, హక్కా?

(2025 డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను కైలాస మానస సరోవర యాత్ర మీద పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. పదిహేను దాటితే గంట కొడతామని కూడా అన్నారు. నేను ఆ యాత్ర చేసి 13 ఏళ్లయింది. అక్కడి మంచు, సరస్సు, సూర్యోదయం గురించి నాకంటే బాగా చెప్పేవారున్నారు. ఫొటోలు ఇప్పుడు ప్రతివారి ఫోనులోనూ ఉన్నాయి. నేను చెప్పదలచుకున్నది వేరే సంగతి. 2020 నుంచి ఐదేళ్లు మూతపడిన ఆ యాత్ర ఈ సంవత్సరం జూన్‌లో మళ్లీ మొదలైంది. రెండు దేశాల మధ్య ఇదొక సుహృద్భావ చర్య అని పేపర్లన్నీ రాశాయి. ఆ వార్త నేను మా ఇంట్లో పైకి చదివి వినిపించాను. మా శ్రీమతి వంటింట్లోంచి, "ఎన్నేళ్ల వరకు తీసుకుంటారట?" అని అడిగింది. డెబ్భై అన్నాను. ఆవిడ ఇంకేమీ అనలేదు. ఆవిడకు 71 నిండాయి. ఇప్పుడు ఈ హాల్లోనే మూడో వరుసలో కూర్చుని ఉంది, కాబట్టి నేను అబద్ధాలు చెప్పే వీలు లేదు.

మన పెన్షనర్లకు 70 అంటే శుభవార్త. 70 నిండితే అదనపు పెన్షన్ మొదలవుతుంది. ఆ యాత్రకు మాత్రం 70 దాటితే గేటు పడిపోతుంది.

ముందు కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. కైలాసానికి మనవాళ్లు పూర్వం నుంచీ వెళ్తూనే ఉన్నారు. అందులో మన గోదావరి జిల్లా మనిషి ఒకాయన ఉన్నారు. స్వామి ప్రణవానంద. లాహోర్‌లో చదువుకుని, అక్కడే రైల్వే అకౌంట్స్ ఆఫీసులో కొంతకాలం పనిచేసి, ఆ ఉద్యోగం వదిలేసి, చివరికి సన్యాసం తీసుకుని కైలాసం దారి పట్టారు. ఊరికే దండం పెట్టుకుని రాలేదు. ఏళ్ల తరబడి వెళ్లి, ఆ సరస్సును, ఆ నదుల పుట్టుకను పరిశోధించి ఇంగ్లీషులో పుస్తకం రాశారు. అది 1949లో వచ్చింది. నేను కూడా అకౌంట్స్ మనిషినే కనుక ఆయన మీద నాకు ప్రత్యేక అభిమానం. మనం ఫైళ్లు పట్టుకుని రిటైరయ్యాం, ఆయన తొందరగా బయటపడ్డారు.

1954 ఏప్రిల్ 29న భారత్, చైనాలు బీజింగ్‌లో ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. పంచశీల అనే మాట మనకు పాఠ్యపుస్తకాల్లోకి వచ్చింది ఆ ఒప్పందం నుంచే. అందులో యాత్రికుల గురించి విడిగా రాసుకున్నారు. భారతదేశం నుంచి వెళ్లేవారు కైలాసానికి, మానస సరోవరానికి వెళ్లవచ్చు. అటు నుంచి, టిబెట్ నుంచి వచ్చేవారు మన కాశీకి, సారనాథ్‌కు, గయకు, సాంచికి రావచ్చు. లిపులేఖ్‌తో సహా ఆరు కనుమల పేర్లు రాసి, ఈ దారుల్లో వెళ్లిరావచ్చన్నారు. యాత్రికుడు సరిహద్దు చౌకీలో పేరు నమోదు చేయించుకుని పర్మిట్ తీసుకుంటే చాలు. గమనించండి, దారి రెండు వైపులా తెరిచి ఉంది. ఒప్పందం గడువు ఎనిమిదేళ్లు. 1962 జూన్‌లో అది తీరిపోయింది. ఆ అక్టోబరులో యుద్ధం వచ్చింది.

తర్వాత ఇంచుమించు ఇరవై ఏళ్లు కైలాసం మనకు మ్యాపులోనే ఉంది. 1979 ఫిబ్రవరిలో విదేశాంగ మంత్రిగా వాజపేయి గారు చైనా వెళ్లారు. చైనా సైన్యం వియత్నాం మీదికి వెళ్లడంతో ఆయన పర్యటన మధ్యలో ముగించుకుని వచ్చేశారు. 1981 జూన్‌లో చైనా విదేశాంగ మంత్రి హువాంగ్ హువా ఢిల్లీ వచ్చారు. ఆ ఏడాదే యాత్ర మళ్లీ మొదలైంది. సరిహద్దు గీత సంగతి తేలలేదు. ఎవరి మ్యాపు వారిదే. అయినా యాత్రికులను పంపుకోవచ్చన్నారు.

ప్రభుత్వాలు ఈ పనినే ఎందుకు ఎంచుకుంటాయి? నేను ఆలోచించగా తోచింది చెప్తాను. దీనివల్ల ఒక్క అంగుళం భూమి ఇవ్వక్కర్లేదు. ఖర్చు పెద్దగా లేదు. వెళ్లేవాళ్లు నడివయసు వాళ్లు, ముసలివాళ్లు, చేతిలో జపమాల తప్ప ఏమీ లేనివాళ్లు. ప్రజలు సంతోషిస్తారు, అవతలివాడికి లొంగిపోయారని ఎవరూ అనలేరు. ఇంకొకటి కూడా ఉంది, అదే అసలైనది. మళ్లీ కోపం వస్తే మర్నాడే ఆపేయవచ్చు. ఆపినందుకు ఏ కంపెనీ కోర్టుకు వెళ్లదు.

మేమిద్దరం 2012లో వెళ్లాం. నేను ధవళేశ్వరంలో నీటిపారుదల శాఖ నుంచి 2009లో రిటైరయ్యాను, ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచరుగా 2011లో. ముప్పై ఏళ్లు పిల్లలకు మ్యాపులో బెత్తం పెట్టి సింధు, బ్రహ్మపుత్ర పుట్టిన చోటు చూపించిన మనిషి. వెళ్దామన్నది ఆవిడే. నేను తోడు.

ఢిల్లీలో వైద్య పరీక్షలు ఇద్దరమూ పాసయ్యాం. కాఠ్‌గోదాం, అల్మోరా, ధార్చులా దాటాక నడక. ఇప్పుడు లిపులేఖ్ దగ్గర దాకా రోడ్డు వేశారు, 2020లో ప్రారంభించారు. మా రోజుల్లో కాళీ నది పక్కన కాలిబాటే. నదికి అవతల నేపాల్. గాలా అనే మకాం దాటగానే 4,444 మెట్లు దిగాలి. ఒక్కో మెట్టూ ఒక్కో ఎత్తు. 1998 ఆగస్టులో కొండ విరిగిపడి యాత్రికులు, కూలీలు, ఊరివాళ్లు 200 మందికి పైగా చనిపోయిన మాల్పా ఆ దారిలోనే ఉంది. అక్కడ అందరం కాసేపు మాట్లాడకుండా నడిచాం.

గుంజి అనే ఊళ్లో మళ్లీ వైద్య పరీక్ష. దాదాపు పదివేల అడుగుల ఎత్తు. అక్కడ మా ఆవిడకు బి.పి. బాగా ఎక్కువ చూపించింది. ఒక రోజు ఆగి మళ్లీ చూశారు. తగ్గలేదు. ఆ డాక్టరు కుర్రవాడు, మా చిన్నబ్బాయి వయసు. "మాతాజీ, పైకి పంపితే మీ ప్రాణానికి నేను జవాబు చెప్పుకోవాలి" అన్నాడు. అతను చేసింది సబబే. ఆ రోజు మాత్రం నాకు అతని మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

నేను కూడా వెనక్కి వచ్చేస్తానన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "ఇద్దరి డబ్బూ కట్టాం, ఒకరైనా చూసి రండి" అంది. డబ్బు మాట వంకకే అందని నాకు తెలుసు. నేను వెళ్లాను. వెళ్లి ఉండాల్సిందా అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. ఆవిడ ఒక కూలీ మనిషితో, తిరుగుముఖం పట్టిన మరో ఇద్దరితో కలిసి కిందికి నడిచింది. వచ్చేటప్పుడు దిగిన ఆ 4,444 మెట్లూ ఇప్పుడు ఎక్కాలి. కొండ ఎక్కడానికి పనికిరానన్న మనిషి చేత అన్ని మెట్లు ఎక్కించారని ఇంటికొచ్చాక అందరికీ నవ్వుతూ చెప్పేది. ఇప్పుడు కూడా నవ్వుతోంది చూడండి.

విడిపోయే ముందు ఆవిడ సంచిలోంచి ఒక రాగి చెంబు తీసి ఇచ్చింది. కాశీ నుంచి గంగ తెచ్చుకుంటామే, అలాంటి చిన్న చెంబు. అందులో పుష్కరాల రేవు దగ్గర గోదావరి నీళ్లు పట్టి, మూతకు మాటు వేయించింది. మానస సరోవరంలో కలపాలని.

నభీఢంగ్ నుంచి తెల్లవారుజామున రెండున్నరకు బయల్దేరి, టార్చిలైట్ల వెలుగులో నడిచి, లిపులేఖ్ కనుమ చేరాం. దాదాపు 17 వేల అడుగులు. అటువైపు నుంచి యాత్ర ముగించుకున్న బ్యాచ్ వస్తుంది, ఇటు నుంచి మేం వెళ్తాం. రెండు బ్యాచ్‌లూ అక్కడే ఎదురవుతాయి. ఒకరినొకరు కౌగిలించుకుని "ఓం నమశ్శివాయ" అనుకోవడం, అంతే. ఒక అడుగు అటు వేస్తే గడియారం రెండున్నర గంటలు ముందుకు తిప్పుకోవాలి.

తక్లాకోట్‌లో కస్టమ్స్ వాళ్లు సామాను విప్పించారు. నా వంతు వచ్చేసరికి ఆ చెంబు బయటపడింది. మాటు వేసిన మూత, లోపల ఏదో కదులుతోంది. ఆ అధికారి దాన్ని ఊపి చూశాడు, చెవి దగ్గర పెట్టుకుని చూశాడు. ఇంకొకణ్ణి పిలిచాడు. నాకు చెమటలు పట్టాయి. మా గైడు టిబెట్ కుర్రాడు, కాస్త హిందీ వచ్చు. వీళ్ల ఊరి నది నీళ్లు, సరస్సులో పోయడానికి తెచ్చాడు, భార్య పంపింది, ఆమెను గుంజిలో ఆపేశారు అని వాళ్లకు చెప్పాడు. అధికారి ఏదో అడిగాడు. గైడు నవ్వి నాకు చెప్పాడు: "అంత పెద్ద సరస్సుకు నీళ్లు మోసుకురావడమేమిటి అంటున్నాడు." నేనేం చెప్పను? మా దేశంలో సముద్రంలో కూడా పాలు పోస్తామన్నాను. అది అతనికి ఎలా అనువదించి చెప్పాడో తెలియదు. ఆ అధికారి చెంబు మీద ఒక చీటీ అంటించి, ఏదో రాసి, రెండు చేతులతో నాకు అందించాడు. ఒక్క చేత్తో తోసేసినా నేను చేయగలిగింది లేదు.

సరస్సు దగ్గర ఆ మాటు నాకు విడదీయరాలేదు. చివరికి గైడు చాకుతో మూతకు చిల్లు పొడిచాడు. గోదావరి అందులో ధారగా కలిసింది. అంతకంటే వర్ణించను.

కైలాస ప్రదక్షిణ సుమారు 52 కిలోమీటర్లు, మూడు రోజులు. హిందువులే కాదు, బౌద్ధులు, జైనులు, టిబెట్‌లోని బోన్ మతం వాళ్లు కూడా ఆ కొండకు మొక్కుతారు. మొదటి రోజు దారి పక్కన ఒక ముసలావిడ కూర్చుని ఉంది. టిబెట్ మనిషి, మా అమ్మంత వయసు. నన్ను చూసి కూర్చోమని సైగ చేసి తన ఫ్లాస్కులోంచి వెన్న కలిపిన ఉప్పు టీ పోసింది. తాగడం కష్టమే, తాగాను. గైడు ద్వారా అడిగింది: దోర్జే దెన్ చూశావా అని. అంటే ఏమిటన్నాను. బుద్ధగయ, వాళ్ల భాషలో ఆ పేరట. మా దేశం నుంచి వచ్చినవాళ్లందరినీ అదే అడుగుతుందట.

నాకు సిగ్గేసింది. 1994లో మా నాన్నగారికి పిండప్రదానం చేయడానికి గయ వెళ్లాను. బుద్ధగయ అక్కడికి పది పన్నెండు కిలోమీటర్లు. రైలుకు టైమవుతోందని వెళ్లలేదు. ఆ మాటే చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. మెడలోంచి తెల్లటి కండువా తీసి నా చేతిలో పెట్టింది. ఖతా అంటారు దాన్ని. ఎప్పుడైనా వెళ్తే అక్కడ పెట్టమంది.

మిత్రులారా, ఇందాక చెప్పిన 1954 ఒప్పందం గుర్తు చేసుకోండి. ఆ లెక్క ప్రకారమైతే ఆ ముసలావిడ సరిహద్దు చౌకీలో పేరు రాయించుకుని, పర్మిట్ పట్టుకుని, గయకు రైలెక్కవచ్చు. 1981లో తెరిచింది మనం అటు వెళ్లే దారి. ఇటు వచ్చే దారి గురించి ఎవరూ అడగలేదు. మనమూ అడగలేదు. మన యాత్ర మనకు దొరికితే చాలనుకున్నాం.

2014లో మేమిద్దరం బుద్ధగయ వెళ్లాం. ఆ కండువాను మా శ్రీమతే బోధివృక్షం దగ్గర పెట్టింది.

ఆవిడ ఆ తర్వాత ఊరుకోలేదు. ఉప్పు తగ్గించింది, రోజూ గోదావరి గట్టు మీద నాలుగు కిలోమీటర్లు నడిచింది, బి.పి.ని దారిలో పెట్టుకుంది. మధ్యలో అమ్మాయి పురుడు, నా కంటి ఆపరేషన్, మోకాళ్లు. ఈలోగా 2015లో సిక్కిం వైపు నాథూలా దారి కూడా తెరిచారు, బస్సు మీద వెళ్లవచ్చన్నారు. 2017లో డోక్లాంలో రెండు సైన్యాలూ ఎదురెదురుగా నిలబడేసరికి నాథూలా నుంచి వెళ్లాల్సిన వాళ్లను వెనక్కి తిప్పేశారు. 2018లో మళ్లీ తెరిచారు. 2019లో ఆవిడ దరఖాస్తు పెట్టింది, కంప్యూటరు లాటరీలో పేరు రాలేదు. 2020లో మళ్లీ పెడదామనుకున్నాం. కరోనా వచ్చింది. జూన్ 15న గల్వాన్ జరిగింది.

ఆ రోజుల్లో మా ఇంట్లో యాత్ర మాటే ఎవరూ ఎత్తలేదు. చనిపోయిన 20 మందిలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు గారున్నారు. ఆయన భౌతికకాయం ఇంటికి వస్తుండగా టీవీ ముందు కూర్చుని మానస సరోవరం గురించి ఎవరు మాట్లాడతారు? మన సంఘంలోనే ఒక మిత్రుడు ఈ ఏడాది నన్ను నిలదీశారు. "అంత జరిగాక వాళ్ల దేశానికి వెళ్లి వాళ్లకు ఫీజులు కట్టడమేమిటి?" అని. ఆయన కోపంలో న్యాయముంది. నేను కాదనను. నేను చెప్పగలిగిందల్లా, చెంబు రెండు చేతులతో ఇచ్చిన ఆ కస్టమ్స్ మనిషిని, టీ పోసిన ఆ ముసలావిడను నేను చూశాను. గల్వాన్ తర్వాత కూడా వాళ్లను చూసిన సంగతి మర్చిపోలేకపోతున్నాను. ఐదేళ్లు ఎవరూ వెళ్లకపోతే అలా చూసినవాళ్లు మన మధ్య తగ్గిపోతారు.

2024 అక్టోబరులో సరిహద్దు గస్తీ మీద అంగీకారం కుదిరింది. 2025 జనవరిలో మన విదేశాంగ కార్యదర్శి బీజింగ్ వెళ్లినప్పుడు యాత్ర తిరిగి మొదలుపెడదామన్నారు. 5,561 మంది దరఖాస్తు చేస్తే 750 మందికి అవకాశం వచ్చింది. లిపులేఖ్ నుంచి ఐదు బ్యాచ్‌లు, నాథూలా నుంచి పది, ఒక్కో బ్యాచ్‌కు 50 మంది.

ఇప్పుడు ఈ రోజుకు సంబంధించిన మాట. మనం డిసెంబరు 17ను ఎందుకు జరుపుకుంటున్నాం? 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది యజమాని దయతలచి ఇచ్చేది కాదు, హక్కు అంది. దయకూ హక్కుకూ తేడా ఏమిటో ఈ హాల్లో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు. దయ అయితే ఈ నెల ఇస్తారు, వచ్చే నెల అధికారికి చిరాకుగా ఉంటే ఆపుతారు. సుహృద్భావ చర్య అనేది ఈ దయ కిందికే వస్తుందని నా అభిప్రాయం. రెండు ప్రభుత్వాలకు సుహృద్భావం ఉన్నప్పుడు మనం వెళ్తాం, అది లేనప్పుడు ఆగుతాం. వాళ్లకు ఐదేళ్లు అంటే కొన్ని సమావేశాలు. 66 ఏళ్ల మనిషికి ఐదేళ్లంటే మొత్తం అవకాశం.

రాతపూర్వకంగా ఉంటే ఏమైనా మేలు జరుగుతుందా? మన పడమటి పొరుగును చూడండి. 1974 సెప్టెంబరులో భారత్, పాకిస్తాన్‌లు యాత్రా స్థలాల సందర్శన మీద ఒక ప్రోటోకాల్ రాసుకున్నాయి. ఏయే గుడులు, గురుద్వారాలు, దర్గాలకు యాత్రికులు వెళ్లవచ్చో జాబితా వేసుకున్నారు. ఈ సంవత్సరం మేలో రెండు దేశాలూ ఒకరి మీద ఒకరు క్షిపణులు వేసుకున్నాయి. వ్యాపారం ఆగింది, ఒకరి విమానాలను ఒకరు తమ ఆకాశంలోకి రానివ్వలేదు. 2019 నవంబరులో అంత ఆర్భాటంగా తెరిచిన కర్తార్‌పూర్ కారిడార్‌ను మే 7న మన వైపు మూసేశారు. అయినా నవంబరులో గురునానక్ జయంతికి సిక్కు యాత్రికులు సరిహద్దు దాటి నన్‌కానా సాహెబ్ వెళ్లివచ్చారు. ఆ పాత ప్రోటోకాల్ బలం ఎంత, అప్పటి పరిస్థితి ఎంత అని మీరడిగితే తూకం వేసి చెప్పలేను. కాయితం మీద ఉన్నది పూర్తిగా ఆపడం కొంచెం కష్టం, ఆ అనుభవం మన సర్వీసులో అందరికీ ఉంది. కాబట్టి కైలాస యాత్రకు కూడా గడువు, సంఖ్య, దారులు రాసిన ఒప్పందం ఉండాలి, అటు నుంచి కాశీకి, గయకు వచ్చేవారి మాట కూడా అందులో ఉండాలి అని మన సంఘం తరఫున విదేశాంగ శాఖకు ఒక వినతిపత్రం పంపుదామని నా ప్రతిపాదన. మూతపడిన ఏళ్లలో వయసు దాటినవారికి, వైద్య పరీక్ష పాసైతే, ఒక్క అవకాశం ఇమ్మని కూడా రాద్దాం. ముసాయిదా నేనే తయారు చేశాను. మా ఆవిడ తప్పులు దిద్దింది, టీచరమ్మ కదా. ఆ చివరి కోరిక మాత్రం ఎర్రసిరాతో కొట్టేసింది, తన కోసం రాయించుకున్నట్టు ఉంటుందని. నేను మళ్లీ రాశాను.

కార్యదర్శి గారు గంట మీద చెయ్యి వేశారు. ఇంకొక్క మాట. మన సభ్యుల్లో 70 లోపు వారు చాలామంది ఉన్నారు. వచ్చే ఏడాది యాత్రకు నోటిఫికేషన్ వస్తే దరఖాస్తు కంప్యూటరులోనే నింపాలి. పాస్‌పోర్టు ఉండాలి, లేనివారు ఇప్పుడే మొదలుపెట్టండి. మంగళ, శుక్రవారాలు సాయంత్రం సంఘం ఆఫీసులో ఉంటాను, నింపిపెడతాను. బి.పి. ఉన్నవారు ముందుగా మా ఆవిడను కలవండి. ఎవరికైనా పేరు వస్తే వెళ్లే ముందు మా ఇంటికి రావాలి. చెంబు ఆవిడ ఇస్తుంది. ఈసారి మాటు వేయించడం లేదు, మర మూత చెంబు కొన్నాం.